ఒక్కరైనా ‘వద్దు’ అనుంటే...

నిలువెత్తు మంచుకొండ. వెంట ప్రాణస్నేహితులు. ఆ వాలు మీద రివ్వున జారుతుంటే గాల్లో తేలినట్టే ఉంటుందంటారు రుచి తెలిసినవాళ్లు. ఆ సాహసంలో ప్రాణాలు నిలబెట్టేదీ, ఒక్కోసారి ప్రాణాల మీదకు తెచ్చేదీ కూడా వెంట ఉన్న ఆ స్నేహమే!

2012 ఫిబ్రవరి 19, ఆదివారం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాల మధ్య ఉన్న స్టీవెన్స్ పాస్ స్కీయింగ్ కేంద్రం జనంతో కిటకిటలాడుతోంది. సియాటెల్ నుంచి అక్కడికి సుమారు 130 కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మనవాళ్లకూ పిల్లలకు మంచు చూపించాలంటే పొద్దున్నే కారేసుకుని వెళ్లి రాత్రికి తిరిగొచ్చేంత దూరమే. అంతకుముందు రోజుల్లో బాగా కురిసిన మంచు కొండల్ని దూదిపరుపులా కప్పేసింది. స్కీయర్లకు కొత్తమంచు పడిందంటే సంక్రాంతికి కొత్తబియ్యం ఇంటికొచ్చినంత సంబరం.

ఆ పూట 16 మంది ఓ జట్టుగా కలిశారు. ఆ కేంద్రంలో మార్కెటింగ్ వ్యవహారాలు చూసే క్రిస్ రుడాల్ఫ్ పిలిస్తే వచ్చినవాళ్లు కొందరు, వాళ్లతో కలిసి వచ్చినవాళ్లు కొందరు. జట్టులో అంతర్జాతీయ పోటీలకు ప్రధాన న్యాయనిర్ణేతగా ఉండే జిమ్ జాక్ ఉన్నారు. స్కీయింగే వృత్తిగా చేసుకున్న ఎలిస్ సాగ్‌స్టాడ్ ఉంది. స్కీయింగ్ పత్రికల్లో పనిచేసేవాళ్లు, ఆ కొండను ఏళ్ల తరబడి ఎరిగిన స్థానికులు ఉన్నారు. దాదాపు అందరూ ఆరితేరినవాళ్లే. వాళ్లు దిగాలనుకున్నది కేంద్రం హద్దులకు అవతల, కొండ వెనకవైపున్న టనెల్ క్రీక్ లోయలోకి. దాదాపు 3 వేల అడుగుల దిగుడు. పై ఎత్తుల్లో మంచుచరియలు విరిగిపడే ముప్పు ఎక్కువగా ఉందని అప్పటికే హెచ్చరిక ఉంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఆ రోజు గడిచేసరికి వాళ్లలో ముగ్గురు లేరు.

అంతమంది నిపుణులు కలిసి అంత ప్రమాదంలోకి ఎలా దిగారు? దీనికి జవాబు దొరకాలంటే ముందు ఈ ఆట ఏంటో తెలియాలి.

గేటు దాటితే...

సాధారణంగా మనం సినిమాల్లో చూసే స్కీయింగ్ అంతా కేంద్రాల్లో జరిగేదే. పైకి వెళ్లడానికి తీగల మీద వేలాడే కుర్చీలుంటాయి. యంత్రాలతో మంచును చదును చేసి బాటలు వేస్తారు. ప్రమాదకరంగా పేరుకున్న మంచును తెల్లవారుజామునే చిన్నచిన్న పేలుళ్లతో ముందే కిందికి దించేస్తారు. పడితే లేపడానికి గస్తీ సిబ్బంది ఉంటారు. ఇవేవీ లేని కొండల్లోకి వెళ్లి చేసేదే ‘బ్యాక్‌కంట్రీ’ స్కీయింగ్. అక్కడ బాటలుండవు, సిబ్బంది ఉండరు. కొండ ఎలా ఉందో అలాగే ఉంటుంది.

మరి లిఫ్టు లేకుండా పైకెక్కేదెలా? స్కీల అడుగున ‘స్కిన్’ అనే పట్టీ అతికిస్తారు. ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు నైలాన్‌తోనో, మేక జాతి బొచ్చుతోనో చేస్తున్నారు. పిల్లి వీపు మీద తల నుంచి తోక వైపు రాస్తే చెయ్యి మెత్తగా జారుతుంది. ఎదురు రాస్తే వెంట్రుకలు అడ్డుపడతాయి. ఇదీ అంతే. ముందుకు జారుతుంది, వెనక్కి జారనివ్వదు. మూడు నాలుగు గంటలు ఎక్కితే దిగేది అరగంటే. కానీ ఆ అరగంట కోసం, దారిలో ఫ్లాస్కులోని టీ పంచుకుంటూ చెప్పుకునే కబుర్ల కోసం చలికాలమంతా ఎదురుచూసేవాళ్లున్నారు.

ఇంకాస్త ముందుకెళ్లినవాళ్లు నిటారు కొండల్ని వెతుక్కున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన సిల్వేన్ సోడాన్ 1967లో ఫ్రాన్సులోని షామొనీ దగ్గర స్పెన్సర్ కులుఆర్ అనే ఇరుకు మంచుగాడిని స్కీల మీద దిగి చూపించాడు. అప్పటిదాకా దాన్ని తాళ్లతో ఎక్కేవాళ్లే తప్ప అలా జారాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ‘అసాధ్యాల స్కీయర్’ అని ఆయనకు పేరొచ్చింది. ఆ బాటలో నడిచిన పోలండ్ యువకుడు ఆండ్రె బార్గియెల్ 2018లో ప్రపంచంలోనే రెండో ఎత్తయిన కె2 శిఖరం మీంచి కింది దాకా స్కీలు విప్పకుండా దిగాడు.

మేడమెట్లంత వాలు

మీ ఇంటి మేడమెట్లు ఎంత వాలుగా ఉంటాయో చూడండి. దాదాపు 30 నుంచి 35 డిగ్రీలు. స్కీయర్లకు మజా ఇచ్చే వాలు మొదలయ్యేది అక్కడే. చిక్కేంటంటే మంచుచరియలకూ ఆ వాలే ఇష్టం! 30 డిగ్రీల లోపు వాలులో మంచు తనంతట తాను జారడం అరుదు. 50 దాటితే ఎక్కువ మంచు నిలవదు, పడింది పడ్డట్టే కిందికి రాలిపోతుంది. ఆ రెంటి మధ్యా, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య మంచు బాగా పేరుకుంటుంది. సమయం వచ్చినప్పుడు ఒక్కసారిగా కదులుతుంది. మనిషి దేన్ని వెతుక్కుంటూ వెళ్తాడో ప్రమాదం సరిగ్గా అక్కడే కాచుకుని ఉంటుందన్నమాట.

కొండ మీద మంచంతా ఒకే ముద్ద అనుకుంటాం. నిజానికది మామిడితాండ్ర లాంటిది. పొర మీద పొర. ఒక్కో పొరా ఒక్కో రోజు పడింది. ఎండకు కరిగి గట్టిపడింది ఒకటి, గాలికి బిగుసుకుపోయింది ఒకటి. కొన్నిసార్లు ఆకాశం నిర్మలంగా ఉండే చలిరాత్రుల్లో మంచు పైన పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. చూడ్డానికి ధగధగా మెరుస్తాయి కానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. వాటి మీద కొత్తమంచు దట్టంగా పడి గట్టిపడిందనుకోండి... పంచదార పోసి దాని మీద చపాతీ పీట పెట్టి, మొత్తాన్ని పక్కకు వంచినట్టే. పీట ఎప్పుడు జారుతుందన్నది ఒక్క అదురు తేడా. ఆ అదురు పుట్టించేది చాలాసార్లు ఓ స్కీయర్ బరువే. ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో పదింట తొమ్మిది సందర్భాల్లో చరియను కదిలించింది బాధితులో, వాళ్ల జట్టులోని మరొకరో అని నిపుణులు లెక్క తేల్చారు.

ప్రాణానికి పది నిమిషాలు

కదులుతున్నప్పుడు నీళ్లలా పారే మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుపోతుంది. లోపల చిక్కుకున్న మనిషి వేలు కూడా కదపలేడు. అరిచినా పైవాళ్లకు వినిపించదు. వదిలిన ఊపిరే తిరిగి పీల్చుకోవాలి. స్విట్జర్లాండ్ ప్రమాదాల వివరాలతో 2024లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం, పది నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంటయ్యేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతోంది.

పది నిమిషాల్లో ఏ హెలికాప్టరు వస్తుంది? ఏ సహాయక బృందం చేరుతుంది? వచ్చేలోపు ఉండేది పక్కనున్న స్నేహితులే. అందుకే బ్యాక్‌కంట్రీకి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండి తీరాలి. ఒకటి ట్రాన్స్‌సీవర్... సెల్‌ఫోనంత ఉంటుంది, ఒంటికి కట్టుకుంటారు. మంచు కింద నుంచి అది పంపే సంకేతాన్ని పైనున్నవాళ్ల పరికరాలు పట్టుకుంటాయి. రెండోది ప్రోబ్... మడతపెట్టుకునే పొడుగాటి కడ్డీ. దాంతో గుచ్చి మనిషి ఎంత లోతులో ఉన్నాడో చూస్తారు. మూడోది పార. వినడానికి సులువే కానీ మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాల్సి రావచ్చు!

నాలుగోది గాలిసంచీ. ఆపద వచ్చినప్పుడు తాడు లాగితే వీపు మీది బ్యాగులోంచి బుస్సున ఉబ్బుతుంది. మిక్చర్ డబ్బాను కుదిపితే పెద్ద పలుకులు పైకి తేలతాయి కదా. అదే సూత్రంతో ఒళ్లు పెద్దదైన మనిషి మంచు ప్రవాహంలో పైకి తేలే అవకాశం పెరుగుతుంది. 2014లో వచ్చిన ఓ అధ్యయనం, ఉబ్బిన సంచీ వల్ల మరణాలు దాదాపు సగానికి తగ్గుతున్నాయని తేల్చింది. సగానికి... అంటే మిగతా సగానికి అదీ దిక్కు కాదు.

అందరికీ అనుమానమే!

మళ్లీ టనెల్ క్రీక్ సంగతికి వద్దాం. పదహారు మందీ ఒక్కసారి దిగలేదు. చిన్నచిన్న జట్లుగా విడిపోయారు. ముందుగా దిగినవాళ్లలో కొందరు పెద్దచెట్ల గుంపు దగ్గర ఆగారు. అంత పెద్దచెట్లు నిలబడి ఉన్నాయంటే అక్కడికి చరియలు రావని నమ్మకం. ఆ తర్వాత జిమ్ జాక్ వంతు. ఆయన వాలు మీద ఉండగా మంచుపలక విరిగింది.

ఆ ప్రవాహం నలుగురిని లోయ అడుక్కి ఈడ్చుకెళ్లింది. సాగ్‌స్టాడ్ గాలిసంచీ తాడు లాగింది. అంతా ఆగేసరికి ఆమె మంచులో కూరుకుపోయి ఉంది. పైకి కనిపిస్తున్నవి మొహం, చేతులే. కదల్లేదు కానీ ఊపిరి ఆడుతోంది. మిత్రులు ట్రాన్స్‌సీవర్లతో వెతుక్కుంటూ దిగి ఆమెను బయటికి తీశారు. మిగతా ముగ్గురినీ కూడా వాళ్లే వెతికి, తవ్వి తీశారు. గుండె మీద నొక్కుతూ, నోట్లో ఊపిరి ఊదుతూ ఎంతో ప్రయత్నించారు. రుడాల్ఫ్, జిమ్ జాక్, వాళ్ల మరో స్థానిక మిత్రుడు... ముగ్గురూ దక్కలేదు.

న్యూయార్క్ టైమ్స్ విలేకరి జాన్ బ్రాంచ్ బతికినవాళ్లందరితోనూ మాట్లాడి, అదే ఏడాది డిసెంబరులో ‘స్నో ఫాల్’ పేరుతో పెద్ద కథనం రాశారు. 2013లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కథనంలో ఒళ్లు జలదరించేది మంచు ప్రవాహం కాదు. దానికి ముందు పరుచుకున్న మౌనం. జట్టు మరీ పెద్దదైపోయిందని కొందరికి అనిపించింది. ఇవాళ ఆ వాలు వద్దేమోనని కొందరికి లోలోపల గుబులు. కానీ చుట్టూ చూస్తే అంతా ఉద్దండులు. ‘ఇంతమంది తెలిసినవాళ్లున్నారు. ప్రమాదమే అయితే ఎవరో ఒకరు అనేవాళ్లు కదా’ అనుకున్నారు. ఆ ‘ఎవరో ఒకరు’ కూడా సరిగ్గా అలాగే అనుకుంటూ నిలబడ్డారు!

మనసు పన్నే ఆరు ఉచ్చులు

ఇది ఆ ఒక్క జట్టు బలహీనత కాదు. ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 మంచుచరియ ప్రమాదాల్ని తిరగేసి 2004లో ఓ పత్రం ప్రచురించాడు. కంటికి కనిపించే ప్రమాద సూచనలు ఉన్నా, శిక్షణ పొందినవాళ్లు కూడా ముందుకే వెళ్లారని అందులో బయటపడింది. వాళ్లను నడిపించినవి ఆరు ఉచ్చులంటాడాయన.

మొదటిది పరిచయం. మన ఊరి చెరువు మనల్నేం చేస్తుందన్న ధీమా లాంటిది. రెండోది పట్టుదల. ఇంతదూరం వచ్చాం, ఇప్పుడు వెనక్కా? మూడోది మెప్పు. నలుగురిలో పిరికివాడినైపోతానేమోనన్న బెంగ. నాలుగోది ‘గురువుగారున్నారుగా’ అన్న భరోసా. జట్టులో అనుభవజ్ఞుడు ఒకడుంటే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. అయిదోది పక్కవాళ్ల సందడి. చుట్టూ మనుషులుంటే ధైర్యం తెలియకుండానే పెరుగుతుంది. ఆరోది కొరత. కొత్తమంచు రేపటికి ఉండదు, మనకంటే ముందు ఇంకెవరైనా దిగేస్తారేమోనన్న తొందర.

ఈ ఆరూ మంచుకే పరిమితం అనుకుంటున్నారా? సముద్రస్నానానికి వెళ్లిన కుర్రాళ్లలో ఒకడు అలల్లోకి పరిగెడితే మిగతావాళ్లు ఎందుకు ఆగరో, అర్ధరాత్రి హైవే మీద బండి వేగం పెరుగుతుంటే వెనక కూర్చున్నవాడు ఎందుకు నోరు మెదపడో ఆలోచించండి. అన్నీ ఒకే తాను ముక్కలు.

ఒకరి తర్వాత ఒకరు

టనెల్ క్రీక్ విషాదం జరిగిన ఏడాదికి, 2013 ఏప్రిల్ 20న కొలరాడోలోని లవ్‌ల్యాండ్ కనుమ దగ్గర షీప్ క్రీక్‌లో మరో ఘోరం. ఆరుగురు స్నోబోర్డర్లు, స్కీయర్లు కొండ కిందుగా నడుస్తున్నారు. అందరి దగ్గరా పరికరాలున్నాయి. ముప్పు గురించి మాట్లాడుకున్నారు కూడా. అయినా ఒకరి వెనక ఒకరు ఒకే వాలు కిందికి వచ్చేశారు. పైనుంచి చరియ విరిగి ఆరుగురినీ కప్పేసింది. తవ్వడానికి పైన ఒక్కరూ మిగల్లేదు. అయిదుగురు చనిపోయారు. సగం కూరుకుపోయిన ఒక్కడు గంటల తర్వాత సహాయక బృందం వచ్చాక బయటపడ్డాడు.

అందుకే ఈ ఆటలో మొట్టమొదటి సూత్రం... ప్రమాదం ఉన్న చోట ఎప్పుడూ ఒక్కరే ఉండాలి. మిగతావాళ్లు చరియ అందని చోట నిలబడి కళ్లు తిప్పకుండా ఆ ఒక్కరినే చూస్తుండాలి. ఏదైనా జరిగితే చివరిసారి ఎక్కడ కనిపించాడో గుర్తుంటే వెతకడం సగం సులువవుతుంది.

రెండో సూత్రం ఇంకా ముఖ్యం. దాన్ని ‘వీటో’ అంటారు. జట్టులో అందరికంటే చిన్నవాడు, మొన్ననే నేర్చుకున్నవాడు ‘నాకెందుకో బాగోలేదు’ అంటే చాలు... అందరూ వెనక్కి తిరగాలి. కారణం అడగకూడదు, వెటకారం చేయకూడదు. ఇళ్ల దగ్గర బయల్దేరేటప్పుడే ఈ మాట అనుకోవాలి. కొండ మీదకెళ్లాక అనుకుంటే కుదరదు. అందుకే అనుభవజ్ఞులు ముగ్గురు నలుగురికి మించని జట్లే మంచివంటారు. నలుగురైతే మాట్లాడుకుంటారు. పదహారుమందైతే ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

మన గుల్‌మార్గ్‌లో...

ఇదంతా ఎక్కడో అమెరికాలో అనుకోనక్కర్లేదు. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ ఈ ఆటకు ప్రపంచంలోనే పేరున్న చోట్లలో ఒకటి. అక్కడి కేబుల్ కారు రెండు దశల్లో అఫర్వత్ కొండ మీదకు, సుమారు 13 వేల అడుగుల ఎత్తుకు చేరుస్తుంది. 2005లో రెండో దశ మొదలయ్యాక విదేశీ స్కీయర్ల రాక బాగా పెరిగింది. గంటల తరబడి ఎక్కే శ్రమ లేకుండానే నిటారు వాలు అంచుకు చేరిపోవచ్చు. కేబుల్ కారు పక్కనున్న కొంత భాగాన్ని గస్తీ సిబ్బంది చూసుకుంటారు. దాన్ని దాటి అటూ ఇటూ వెళ్తే అంతా బ్యాక్‌కంట్రీయే.

2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ దగ్గర హపత్‌ఖుడ్‌లో చరియ విరిగి పోలండ్‌కు చెందిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. మిగతావాళ్లను స్థానికులు, సిబ్బంది కలిసి కాపాడారు. 2024 ఫిబ్రవరిలో మరో చరియ రష్యా స్కీయర్ ఒకరిని పొట్టనబెట్టుకుంది. గుల్‌మార్గ్ వెళ్లే తెలుగు కుటుంబాలు స్కీలు కట్టుకున్నా, కట్టుకోకపోయినా తాడు కట్టిన హద్దు దాటకూడదనేది అందుకే. నేర్చుకోవాలని నిజంగా సరదా ఉంటే అక్కడే స్కీయింగ్, పర్వతారోహణల కోసం ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. చదునైన వాలుల మీద మొదలుపెట్టొచ్చు.

మంచుకొండల్లోకి వెళ్తుంటే...

* ఆ రోజు ముప్పు స్థాయి తెలుసుకోవాలి. చాలా దేశాల్లో అయిదు స్థాయిలుంటాయి. 4, 5 ఉన్న రోజుల్లో జనం ఇళ్లలోనే ఉంటారు. మధ్యస్థంగా కనిపించే 3వ స్థాయి రోజుల్లోనే మరణాలు ఎక్కువ.

* కొత్తగా బాగా మంచు పడ్డాక, గాలి బలంగా వీచాక, ఉన్నట్టుండి ఎండ కాశాక మొదటి రోజు మరీ ప్రమాదం.

* నడుస్తుంటే కాళ్ల కింద ‘వుమ్’మని శబ్దం వచ్చినా, మంచు మీద బీటలు పారినా కొండ హెచ్చరిస్తున్నట్టే. వెనక్కి తిరగాలి.

* పరికరం కొంటే సరిపోదు. పారతో తవ్వడం, ట్రాన్స్‌సీవర్‌తో వెతకడం ప్రతి ఏడాదీ సాధన చేయాలి. మీ ప్రాణం మీ స్నేహితుడి సాధన మీద, అతని ప్రాణం మీ సాధన మీద ఆధారపడి ఉంటాయి.

* అనుమానంగా ఉంటే 30 డిగ్రీల లోపు వాలులు ఎంచుకోవాలి, పైనుంచి చరియ వచ్చే దారిలో లేకుండా చూసుకోవాలి. సరదా కాస్త తగ్గుతుందంతే.

పిల్లలు స్నేహితులతో ఎక్కడికి బయల్దేరినా ‘జాగ్రత్తగా వెళ్లిరా’ అని చెప్పడం మన ఇళ్లలో అలవాటు. వాళ్లూ ‘సరేలే’ అని తలూపేసి వెళ్తారు. ఈసారి దానికి ఇంకో మాట కలపండి. ‘నీకు ఏమాత్రం తేడాగా అనిపించినా పైకి చెప్పు. నలుగురూ నవ్వినా సరే’ అనండి. వాళ్లు వెళ్లేది మంచుకొండకైనా, మామూలు సముద్రతీరానికైనా అది పనికొస్తుంది.